భవిష్యత్ కాలం, ఉత్తమ పురుష, బహువచనం

స్మారా శిబిరంలో ఎనిమిదో నంబరు గది.
మట్టి ఇటుకల గోడలు, రేకు కప్పు,
నల్లబల్ల మీద సగం సుద్ద, సగం ఇసుక.
సుఎల్మా టీచరు తన మెల్‌హఫా చెంగుతో తుడిచి
ఇవాళ్టి పాఠం రాసింది:
స్పానిష్‌లో భవిష్యత్ కాలం.

బోల్బెరే. తిరిగి వెళ్తాను.
బోల్బెరాస్. తిరిగి వెళ్తావు.
ఇరవై ఆరు గొంతులు
రేకుకి తగిలి కిందపడ్డాయి.

ఈ భాష ఇక్కడికి నడిచొచ్చింది,
డెబ్బై ఐదు చలికాలంలో, సముద్రపు ఒడ్డు నుంచి,
విమానాల కింద, మేకల వెనక,
గుర్తింపు కార్డుల్లో నాలుగు మడతలై.
సొంతదారులు మాత్రం ఓడలెక్కారు.
వెళ్ళొస్తామని కూడా అనలేదు.
వీళ్ళు తమ ఊళ్ళ పేర్లనీ వెంట తెచ్చుకున్నారు.
ఈ స్మారా ఆ స్మారా కాదు.

సుఎల్మా దాన్ని నేర్చింది క్యూబాలో.
పదకొండేళ్ళకి వెళ్ళి ఇరవై మూడుకి తిరిగొచ్చింది.
మాటల చివరి సకారాలు
ఆ దీవిలోనే ఎక్కడో పారేసుకుంది.
మేక పాలు పితుకుతూ
హవానా యాసలో తిడుతుంది.

వేసవికి బలెన్సియా వెళ్ళొచ్చిన నువేనా అంది,
"టీచర్, అక్కడి అమ్మ అట్లా పలకదు."
"అక్కడి అమ్మకి ట్యాంకరు కోసం నిలబడే పని లేదు,
నోరు తీరిగ్గా తెరుస్తుంది."

నిన్న మాద్రిద్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు.
ఆయన బొమ్మలకి జనరేటర్ కావలసొచ్చింది.
తెర మీద అంకెలు:
యాభై కోట్ల పైచిలుకు నోళ్ళు,
ఇరవై దేశాలు, ఇంకో పాతికేళ్ళకి ఇంత,
ఆ పైన అంత.
పటంలో మెక్సికో ఎరుపు, అర్జెంటీనా ఎరుపు,
చిలీ ఊడిన కుట్టులాంటి ఎర్ర దారం,
ఆఫ్రికాలో గినియా ఒక్కటి
గోరింట చుక్కంత.

హమూదీ లేచాడు.
"మేం ఏ రంగు?"
పెద్దమనిషి వేలు పటం మీద వెతికింది.
అక్కడ గీత తెగి తెగి
చుక్కలు చుక్కలుగా ఉంది.
"మీరు... నేర్చుకుంటున్న వాళ్ళ పట్టికలో."

హమూదీ వాళ్ళ తాతకి
పాత కార్డు నంబరు ఇంకా కంఠతా వచ్చు,
ఆ భాషలోనే.
మేకల్ని లెక్కపెట్టేదీ ఆ భాషలోనే.
ఆయన ఏ పట్టికో
ఎవరూ అడగలేదు.
జనరేటర్ ఆగింది. అందరికీ ఊపిరొచ్చింది.

పాఠానికి వస్తే,
నువేనాకి ఇంకో అనుమానం:
"ఓహలా అన్నాక ఈ కాలం రాయొచ్చా?"
"రాయకూడదు."
సుఎల్మా సుద్దముక్క కింద పెట్టింది.
"ఓహలా మన మాటే.
అల్లా తలిస్తే అని
వెయ్యేళ్ళ కింద మనవాళ్ళు అక్కడ వదిలొచ్చారు.
నలిగి నలిగి అట్లా అయింది.
దాని వెనక వచ్చే క్రియకి కోరిక రూపం ఉంటుంది,
రేపటి రూపం ఉండదు."
"ఎందుకు?"
"వ్యాకరణం అంతే."

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.
బయట ఒక మేక తీగ కంచెని నములుతోంది.

ఆఖరిది మిగిలింది. మనం.
పుస్తకంలో బోల్బెరేమోస్.
ఆమె నోట సకారం జారి
బోల్బెరేమో.
వెనక బల్ల మీద కూర్చున్న నాది తెలుగు చెవి.
తిరిగి వెళ్తాం, ఏమో
అని వినబడింది.

మళ్ళీ అంది. మళ్ళీ అదే.
పిల్లలు అందుకున్నారు,
బోల్బెరేమో, బోల్బెరేమో,
ఒక్కరికీ అనుమానం లేదు,
గదిలో అనుమానమంతా నాదే.

మూడోసారి
నువేనా మాత్రం అందరికంటే ఒక క్షణం వెనకబడి
పళ్ళ సందుల్లోంచి
"స్" అంది.

అప్పుడే ట్యాంకరు హారన్.
నీళ్ళొచ్చాయని అరవడానికి హస్సానియా చాలు.
కాలాలన్నీ బల్ల మీద వదిలేసి
డబ్బాలు పట్టుకుని పరుగెత్తారు.